ఏడో స్తంభం: మార్పు లేదు

నెల తిరిగేలోగా మా నాన్న చెయ్యాల్సిన పనులు ఇవి.

పదకొండు స్తంభాల మీదికీ ఇనుప నిచ్చెన దిగి వెళ్ళి, స్లాబును మోసే బేరింగుల చుట్టూ పేరుకున్న మట్టినీ పావురాల గూళ్ళనూ తీసెయ్యాలి. బేరింగులకు గ్రీజు పెట్టాలి.

వాన నీరు పోయే గొట్టాల్లో పొడుగాటి కడ్డీ పెట్టి పొడవాలి.

స్లాబుకూ స్లాబుకూ మధ్యనున్న జాయింట్లలో ఇరుక్కున్న రాళ్ళు ఏరాలి.

రెయిలింగు బోల్టులు బిగించాలి. ఊడిపోయినవి ఎన్నో, ఎవరైనా ఊడదీసుకు పోయినవి ఎన్నో చూసుకోవాలి.

కాంక్రీటు మీద సుత్తితో కొట్టి మోత వినాలి. ఖంగుమంటే మంచిది. డబ్బా మీద కొట్టినట్టుంటే లోపల డొల్ల.

బీట ఉన్నచోట గాజు చూడాలి. బీటకు అడ్డంగా సిమెంటుతో అతికించిన వేలెడంత గాజుముక్క అది. బీట కదలనంతకాలం గాజు అలాగే ఉంటుంది. వెంట్రుకవాసి కదిలినా పగులుతుంది.

చూసినవన్నీ రిజిస్టర్లో రాయాలి.

ఆఖరి పని తప్ప అన్నీ మా నాన్న చేసేవాడు. ఆఖరిది నేను చేసేదాన్ని.

మా ఊరి దగ్గర నది రెండు కొండల మధ్య ఇరుకుగా, లోతుగా పారుతుంది. అందుకే హైవే వంతెనను అంత ఎత్తున కట్టాల్సి వచ్చింది. నడిమి స్తంభాలు నీటి మీంచి నూట ఇరవై అడుగులు. అవి లేస్తున్న రోజుల్లో మా నాన్న కాంక్రీటు తట్టలు మోసే కూలీగా వచ్చాడు. పని పూర్తయ్యాక అందరూ ఇంకో వంతెనకు వెళ్ళిపోయారు, ఆయన ఇక్కడే ఉండిపోయాడు. ఏ స్తంభం ఏ నెలలో లేచిందో, ఎక్కడ పని ఆగిందో ఆయనకు నోటికి వచ్చు. ఏడో స్తంభం తల ఒక్క రోజులో పోసెయ్యాల్సిందట. మధ్యలో వాన వచ్చి సగంలో ఆపేశారు, మిగతాది మర్నాడు పోశారు. రెండు రోజుల కాంక్రీటు కలిసిన చోట తర్వాత సన్నని బీట కనిపించింది. గాజు అతికించింది దాని మీదే.

కట్టించిన పెద్ద ఇంజనీరు వెళ్ళిపోయే ముందు నాన్నను బ్రిడ్జి మేస్త్రీగా వేయించాడు. దరఖాస్తులో చదువు అన్నచోట ఏడో తరగతి అని ఎవరో పుణ్యాత్ములు రాశారు. నిజానికి నాన్నకు అంకెలు వచ్చు, సంతకం వచ్చు. అక్షరాలు రావు.

నేను ఆరో తరగతికి వచ్చేదాకా రిజిస్టరు మా మేనమామ రాసేవాడు. తర్వాత కలం నా చేతికి వచ్చింది. నెలాఖరున నాన్న గ్రీజు వదిలేలా చేతులు రుద్దుకుని, స్నానం చేసి, నా ఎదురుగా మఠం వేసుకుని కూర్చునేవాడు. కళ్ళు మూసుకుని, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు నడుస్తున్నట్టు ఒక్కో స్తంభం గురించీ చెప్పేవాడు. నేను గడుల్లో రాసేదాన్ని. చాలా గడుల్లో రెండే మాటలు: మార్పు లేదు. కింద నాన్న సంతకం. మర్నాడు రోడ్ల ఆఫీసులో ఇంజనీరు గారి సంతకం.

ఒకసారి ఇంజనీరు గారు, “మేస్త్రీ, నీ చేతిరాత ముత్యాల్లా ఉందయ్యా, మా గుమస్తాలకు కాస్త నేర్పు” అన్నారట. నాన్న ఇంటికొచ్చి అది చెప్పి పడీపడీ నవ్వాడు.

“మరి నువ్వేమన్నావు?” అంది అమ్మ.

“చిన్నప్పట్నుంచీ అలవాటండీ అన్నాను.”

“సిగ్గు లేకపోతే సరి.”

“సిగ్గెందుకే? నా కూతురి చెయ్యి నా చెయ్యి కాదూ?”

అదే ఇంజనీరు గారు నేను డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉండగా ఒక పేజీలో నేను కొట్టేసి రాసిన మాట చూసి నాన్నను అందరి ముందూ చివాట్లు పెట్టారు. రిజిస్టరు పేజీలకు నంబర్లుంటాయి, చించడానికి లేదు. ఇంకోసారి కొట్టివేత కనబడితే మెమో ఇస్తానన్నారు. నాన్న ఇంటికొచ్చి, “కొంచెం చూసి రాయి తల్లీ” అన్నాడు.

ఆ వేసవిలో మా ఇంట్లో అందరూ నా పరీక్షలే రాస్తున్నట్టు ఉండేది. మా వంశంలో కాలేజీ గడప తొక్కింది నేనొక్కదాన్నే. అమ్మ పక్కింటివాళ్ళ రేడియో ఆపించేది. నాన్న చెప్పులు గుమ్మం బయటే విడిచి, దొంగలా అడుగులో అడుగు వేసుకుంటూ ఇంట్లోకి వచ్చేవాడు. “ఏమయ్యా, వంతెన మీద నడిచే మనిషివి, గచ్చు మీద అంత భయమేం?” అని అమ్మ నవ్వేది. “వంతెన విరిగితే కట్టుకోవచ్చే. దాని చదువు చెడితే?” అనేవాడు.

మార్చి మూడో వారంలో, పరీక్షలు ఇంకో పది రోజుల్లో ఉన్నాయనగా, ఒక మధ్యాహ్నం కూర్చుని మార్చి, ఏప్రిల్, మే నెలల పేజీలు ఒక్క ఊపున నింపేశాను. మూడు పదకొండ్లు ముప్పైమూడు వరుసలు. మార్పు లేదు, మార్పు లేదు, మార్పు లేదు. చెయ్యి దానంతటదే నడిచింది. ఇన్నేళ్ళుగా మారనిది ఈ మూడు నెలల్లోనే మారుతుందా అనుకున్నాను. మూడు సాయంత్రాలు మిగిలాయని సంతోషపడ్డాను కూడా. నాన్నకు చెప్పలేదు. మార్చి నెలాఖరున ఆయన కళ్ళు మూసుకుని చెబుతూ ఉంటే, నేను ఒళ్ళో నోట్సు పెట్టుకుని చదువుకుంటూ, రిజిస్టరు మీద కలం ఆనించకుండా ఆడించాను.

ఏప్రిల్ నెలాఖరున నాన్న స్నానం చెయ్యకుండానే వచ్చి కూర్చున్నాడు. మర్నాడు నాకు ఆర్థికశాస్త్రం పరీక్ష.

“తల్లీ, ముందు ఏడోది రాయి.”

“వరసగా చెప్పు నాన్నా.”

“వరస తర్వాత చూద్దాం. ఏడో పిల్లరు గాజు పగిలింది. రెండు ముక్కలు. బీటలో గోరు పడుతోంది. బేరింగు కింద సుత్తి పెడితే డబ్బా మోత. రాశావా?”

“ఊఁ.”

“గాజు పగిలింది అని రాశావా, బీట పెరిగింది అని రాశావా?”

“రెండూ రాశాను నాన్నా.”

నాన్న కళ్ళు తెరిచాడు. మామూలుగా రిజిస్టరు వైపు చూసేవాడే కాదు. ఆ రోజు ముందుకు వంగి, గ్రీజు అంటకుండా వేలు పేజీకి కొంచెం పైన పట్టుకుని, వరుసలు లెక్కపెట్టాడు.

“ఇదేగా ఏడోది?”

“అదే.”

“ఆరోదాన్లాగే ఉందేమిటి? ఎనిమిదోది కూడా ఇలాగే ఉంది.”

ఆయనకు అక్షరాలు రావు. కానీ ముప్పై అడుగుల దూరం నుంచి కాంక్రీటులో వెంట్రుకంత గీత పట్టుకునే కళ్ళు ఆయనవి. అప్పుడు చెప్పి ఉండొచ్చు. కొట్టేసి రాస్తే మెమో వచ్చేది, అంతే. లేదా చివరి గడిలో చిన్న అక్షరాలతో ఇరికించి ఉండొచ్చు. తెల్లవారితే పరీక్ష. ఇంకా రెండు పాఠాలు మిగిలి ఉన్నాయి.

“ఆఫీసు రాతలు అలాగే ఉంటాయి నాన్నా. నీకు తెలియదులే” అన్నాను.

“అదీ నిజమేలే, నాకేం తెలుసు” అని నవ్వి, సంతకం పెట్టాడు. సంతకం పెట్టేటప్పుడు ఎప్పుడూ నాలుక చివర పళ్ళ మధ్య పెట్టుకునేవాడు.

మర్నాడు నేను పరీక్ష రాసి వచ్చేసరికి ఇంజనీరు గారి సంతకం కూడా పడిపోయింది. నాన్న ఆయనకు నోటితో కూడా చెప్పాడట. ఆయన ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూ, “రిజిస్టర్లో రాశావుగా? చూస్తాలే” అన్నారట. రాశానండీ అన్నాడట నాన్న.

మే నెలాఖరున మళ్ళీ అడిగాడు. “ఏడోదాని కోసం ఇంకా ఎవరూ రాలేదు. ఈసారి కూడా రాయి. కొంచెం గట్టిగా రాయి.” నేను రాశాననే చెప్పాను. ఆ పేజీలోనూ మార్పు లేదు అనే ఉంది. తర్వాత తీరిగ్గా రిజిస్టరు ముందేసుకుని చూస్తే రెండు పేజీల కిందా ఇంజనీరు గారి సంతకాలు నల్లగా కూర్చుని ఉన్నాయి. ఇంక వాటిని ముట్టుకోవడానికి లేదు. జూన్ పేజీ ఖాళీగా ఉంది. నెలాఖరున అందులో అంతా వివరంగా రాసేద్దాం అనుకున్నాను. ఆ ఆలోచన వచ్చాక మనసు తేలికపడి, ఆ రోజు బాగా భోజనం చేశాను కూడా.

జూన్ నెలాఖరు రాలేదు. వానలు మొదలైన ఎనిమిదో రోజు పొద్దున్న, వంతెన మీద లారీలు ఒకదాని వెనక ఒకటి పోతుండగా ఏడో స్తంభం తల ఒక పక్క చిట్లింది. బేరింగు పక్కకు జారి, స్లాబు చివర జానెడు కిందికి దిగింది. వెనక వస్తున్న కూరగాయల వ్యాను ఆ మెట్టుకు కొట్టుకుని పల్టీ కొట్టింది. మా క్వార్టర్సు వంతెన మొదట్లోనే. నాన్న ముఖం కడుక్కుంటున్నవాడల్లా, దండెం మీది ఎర్ర తువ్వాలు లాక్కుని ఉట్టికాళ్ళతో పరిగెత్తాడు. మేము వెళ్ళేసరికి వాన నీళ్ళలో వంకాయలు తేలుతున్నాయి. నాన్న రోడ్డు మధ్యలో నిలబడి తువ్వాలు ఊపుతూ బస్సును ఆపుతున్నాడు. ఆ తువ్వాలు లేకపోతే బస్సు కూడా వచ్చి పడేది. వ్యాను డ్రైవరు ఎడమ కాలు మోకాలి కింద తీసెయ్యాల్సి వచ్చింది.

వంతెన మూసేశారు. నాన్నను విచారణ అయ్యేదాకా డ్యూటీకి రావద్దన్నారు. ఆయన మాత్రం ఏమీ బెదరలేదు. మంగలి షాపులో గడ్డం గీయించుకుంటూ ఉంటే నేను తాళంచెవి కోసం వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాను.

“ఏం మేస్త్రీ, నీ వంతెన తల వంచిందట?” అన్నాడు మంగలి.

“వంచింది వంతెన. నేను కాదు.”

“కదిలితే కోసుకుంటావు, ఉండు. మరి నిన్నే పట్టుకుంటారంటున్నారే?”

“పట్టుకోనీ. ఏప్రిల్లోనే చెప్పాను, మేలో ఇంకోసారి చెప్పాను. రిజిస్టర్లో అక్షరం అక్షరం ఉంది. రిజిస్టరు అబద్ధమాడదు. ఎవరి మెడకు చుట్టుకుంటుందో చూద్దువుగాని.”

షాపులో నలుగురూ తలూపారు. నన్ను అద్దంలో చూసి నాన్న కన్ను గీటాడు, నీకూ నాకూ తెలుసులే అన్నట్టు.

విచారణకు మూడు రోజుల గడువుంది. ఆ మూడు రోజుల్లో నేను ఎన్నిసార్లు ఆయన దగ్గరికి వెళ్ళి తిరిగొచ్చానో నాకే తెలియదు. ముందురోజు పొద్దున్న ఆయన తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ఎదురుగా నిలబడ్డాను.

“నాన్నా.”

“భయమేస్తోందా? పిచ్చిదానా, మనం రాశాం కదా. రాయనివాడు భయపడాలి.”

“చొక్కాకు గుండీ ఊడినట్టుంది. కుట్టనా?”

“కుట్టు తల్లీ. ఆఫీసరు ముందు బొత్తాం లేకుండా ఏం నిలబడతాం?”

గుండీ కుట్టాను. నాలుగు రంధ్రాల గుండీ. అవసరానికి మించి చాలాసార్లు దారం తిప్పాను.

విచారణ రోడ్ల ఆఫీసులోనే జరిగింది. పై ఆఫీసు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. పక్కన మా ఇంజనీరు గారు, రాసుకోవడానికి పెద్ద గుమస్తా. నాన్న నన్ను కూడా రమ్మన్నాడు, “నువ్వుంటే ధైర్యం” అని. నన్ను వరండాలో తలుపు పక్క నిలబెట్టి లోపలికి వెళ్ళాడు. తలుపు తెరిచే ఉంది. ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా గుమస్తా వాటి మీద పేపర్‌వెయిట్లు, తాళాల గుత్తి, చివరికి తన కళ్ళజోడు పెట్టె కూడా పెట్టాడు.

“ఏప్రిల్లోనే చెప్పానంటున్నావు. ఎవరికి?” అన్నాడు పెద్దాయన.

“ఇంజనీరు గారికండి. రిజిస్టర్లో కూడా ఉందండి.”

“నాతో చెప్పిన గుర్తు లేదండి” అన్నారు ఇంజనీరు గారు, కిటికీ వైపు చూస్తూ.

పెద్దాయన పేజీ తిప్పాడు. “ఏప్రిల్. ఏడో స్తంభం. మార్పు లేదు.”

నాన్న వినబడనట్టు నిలబడ్డాడు. “ఇంకోసారి చదవండి.”

“మార్పు లేదు.”

“పక్క గడిలో చూడండి బాబూ. గాజు సంగతి అక్కడ ఉంటుందండి.”

“పక్క గడిలో ఏమీ లేదు. మేలో కూడా మార్పు లేదనే ఉంది. నమ్మకం లేకపోతే ఇదిగో, నువ్వే చదువుకో.”

రిజిస్టరును బల్ల మీద నాన్న వైపు తోశాడు.

నాన్న దాని మీదికి వంగాడు. వేలితో వరుసలు లెక్కపెట్టాడు. ఏడో వరుస దగ్గర వేలు ఆగింది. ఆరో వరుస చూశాడు, ఎనిమిదో వరుస చూశాడు. మళ్ళీ ఏడోది చూశాడు. పేజీ తిప్పి మేలో కూడా అలాగే చేశాడు. చదువుతున్నాడనే అందరూ అనుకున్నారు.

“అవునండి. మార్పు లేదనే ఉందండి” అన్నాడు.

“సంతకం నీదేనా?”

“నాదేనండి.”

“చేతిరాత?”

పెద్ద గుమస్తా కలం ఆపి తలెత్తాడు. ఆ గుమస్తా, నాన్న ఏళ్ళ తరబడి తెచ్చిచ్చే కాగితాలూ చూశాడు, చిన్నప్పుడు తన కూతురి నోట్సులో నేను రాసిచ్చిన పాఠాలూ చూశాడు. ఆయన చూపు నాన్నను దాటి తలుపు దగ్గరికి వచ్చింది. నా మీద నిలిచింది.

“నాదేనండి” అన్నాడు నాన్న. తల తిప్పి తలుపు వైపు చూడలేదు.

గుమస్తా ఇంకొక్క క్షణం ఆగాడు. తర్వాత తల వంచుకుని రాసుకున్నాడు. ఆ గుమ్మానికీ బల్లకూ మధ్య నాలుగడుగులు. నేను వెయ్యలేదు. నన్ను ఎవరూ ఆపలేదు, ఎవరూ బెదిరించలేదు. నేనే వెయ్యలేదు. చదువు రానివాడు మేస్త్రీగా చేరాడని బయటపడితే నాన్నకు ఇంకా ముప్పు అని తర్వాత చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఆ క్షణంలో నేను ఆలోచించింది అది కాదు. నా డిగ్రీ ఏమవుతుందో అని ఆలోచించాను.

ఇంటికి నడిచి వచ్చాం. నాన్న రోడ్డు వారగా, నాకంటే అడుగు ముందు నడిచాడు. నీళ్ళ ట్యాంకు దగ్గర ఆగి, నేను వచ్చేదాకా నిలబడ్డాడు.

“మీ రిజల్టు ఎప్పుడన్నారు?” అన్నాడు.

“వచ్చే నెల.”

“ఊఁ. ఎండగా ఉంది, ఇటు నీడన నడు.”



అమ్మ గుమ్మంలోనే ఎదురైంది. ఆఫీసు బంట్రోతు అప్పటికే వచ్చి కబురు మోసేశాడు. నాన్న లోపలికి వెళ్ళి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అమ్మ ఆయన్ని అడగలేదు, నన్ను అడిగింది.

“ఏమే, రాసింది నువ్వే కదా? గాజు పగిలిందని మీ నాన్న నీతో చెప్పాడా, లేదా?”

నాన్న చొక్కా విప్పుకుంటున్నవాడు ఆగాడు. అమ్మ ముఖంలో చెమట, కోపం, అన్నిటికీ మించి భయం. నేను నాన్న వైపు చూడలేదు.

“చెప్పలేదు” అన్నాను.

గోడ దగ్గర నుంచి నాన్న గొంతు వినిపించింది. “మరిచిపోయుంటాను.”

“మరిచిపోయావా? మరి ఊళ్ళో అందరికీ చెప్పానని డప్పు కొట్టావే?”

“చెప్పాననే అనుకున్నాను. వయసు మీద పడుతోంది కదే.”

అప్పటికి ఆయనకు నలభై తొమ్మిదేళ్ళు.

ఉద్యోగం తీసేశారు. ఇంజనీరు గారిని వేరే చోటికి మార్చారు. క్వార్టర్సు ఖాళీ చేసి ఊరి చివర రెండు గదుల ఇంట్లోకి మారాం. నాకు ఫస్టు క్లాసు వచ్చింది. నాన్న వీధిలో నడుస్తుంటే కుర్రకారు, “మార్పులేదు వస్తున్నాడ్రోయ్” అనేవాళ్ళు. మంగలి కూడా ఒకసారి, “ఏం మార్పులేదూ, క్రాపు మార్చమంటావా?” అన్నాడట. నాన్న అందరితో పాటు తనూ నవ్వేవాడు. అమ్మ నవ్వలేదు. ఇంట్లో ఏం మరిచిపోయినా, “గాజు సంగతే మరిచిన మనిషివి, ఇదొక లెక్కా?” అనేది. ఇరవై రెండేళ్ళు అంది. కొన్నిసార్లు కోపంగా, కొన్నిసార్లు అలవాటుగా. ఆయన ఒక్కసారి కూడా బదులు చెప్పలేదు. నేను పక్కనే ఉన్నప్పుడు కూడా.

నన్ను ఒక్క మాట అనలేదు. నా మీద ప్రేమా తగ్గలేదు. ఒకటే మారింది. ఆ తర్వాత నన్ను ఏదీ రాయమని అడగలేదు. రేషను ఫారమైనా, మేనమామకు ఉత్తరమైనా, ఇంట్లో డిగ్రీ చదివిన కూతురు కూర్చుని ఉండగా కాగితం మడిచి జేబులో పెట్టుకుని పోస్టుమ్యాన్ దగ్గరికి వెళ్ళేవాడు. ఒకసారి నేనే, “ఇలా ఇవ్వు నాన్నా, రాస్తాను” అన్నాను. “నీకెందుకులే తల్లీ శ్రమ” అన్నాడు. ఎత్తిపొడుపు ఏమీ లేదు ఆ మాటలో. అందుకే అది ఈనాటికీ నన్ను వదల్లేదు.

ఆ వ్యాను డ్రైవరును చూడాలని ఒకసారి ఆసుపత్రి దాకా వెళ్ళాను. వార్డు బయట బెంచీ మీద పావుగంట కూర్చుని, లేచి వచ్చేశాను.

నేను పై చదువులు చదివి కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరాను. నాన్న పోయిన మరుసటి ఏడాది వంతెనకు యాభై ఏళ్ళు నిండాయి. ప్రత్యేక సంచిక వేస్తున్నాం, వంతెన చరిత్ర మీరు రాయండి మేడమ్, మీరు ఈ ఊరివారే కదా అని రోడ్ల ఆఫీసు నుంచి వచ్చి అడిగారు. ఒప్పుకున్నాను. పాత ఫైళ్ళన్నీ తిరగేశాను. పడవ రేవు రోజుల నుంచి మొదలుపెట్టి, పునాదులు, స్తంభాల ఎత్తు, మొదటి బస్సు, ఏడో స్తంభం తలకు కొత్త కాంక్రీటు కవచం, అన్నీ వరుసగా రాశాను. వంతెన ఎనిమిది నెలలు మూతపడ్డ సంవత్సరం దగ్గరికి వచ్చేసరికి విచారణ నివేదిక నా ముందుంది. అందులో ఒక వాక్యం: మేస్త్రీ నిర్లక్ష్యం వల్ల లోపం సకాలంలో దృష్టికి రాలేదు. దాన్ని మార్చి రాయాలని రెండుసార్లు కూర్చున్నాను. వ్యాసం పైన నా పేరు, నా డిగ్రీలు అచ్చవుతాయి. కాలేజీలో అందరూ చదువుతారు. ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాసి పంపేశాను. రిజిస్టర్లో, విచారణలో, అమ్మ ముందు చేసిన పనే మళ్ళీ చేశాను.

సంచిక వచ్చింది. అమ్మకు ఇప్పుడు చూపు ఆనదు. “మీ నాన్న వంతెన గురించి నువ్వు రాశావటగా, చదువు” అంది. చదవడం మొదలుపెట్టాను. ఆ వాక్యం దగ్గర ఆగాను. సంచిక మూసేసి మొత్తం చెప్పాను. మార్చిలో నింపిన ముప్పైమూడు వరుసల నుంచి, ఆ రోజు గుమ్మంలో ఆమెతో చెప్పిన అబద్ధం దాకా.

అమ్మ మంచం పట్టీ మీద వేళ్ళు ఆడిస్తూ కూర్చుంది.

“ఆయన ఉండగా చెప్పాల్సింది” అంది చివరికి. “ఇప్పుడు నాకెందుకు చెప్పావే? ఇన్నేళ్ళూ ఆయన్ని నేనన్న మాటలన్నీ ఇప్పుడెక్కడ పెట్టుకోను?”

నేను దించుకున్నాననుకున్న బరువు ముసలిదాని నెత్తిన పెట్టాను, అంతే.

ఇది రాస్తున్నది క్షమాపణ కోసం కాదు. క్షమించాల్సినవాళ్ళలో ఒకరు లేరు, ఇంకొకరు ఒంటికాలి మీద ఎక్కడున్నారో నాకు తెలియదు, మూడో మనిషి నాతో మునుపటిలా మాట్లాడటం లేదు. ఆ ప్రత్యేక సంచిక మీలో కొందరి ఇళ్ళలో ఉండే ఉంటుంది. అందులో మేస్త్రీ నిర్లక్ష్యం అన్న మాట నేను రాసిందే, అది అబద్ధం. ఆయన చూశాడు. చూసిన రోజునే ఒళ్ళు కూడా కడుక్కోకుండా వచ్చి చెప్పాడు. అర్థం కాకపోయినా పేజీ వైపు వంగి, ఇదేమిటి ఇలా ఉంది అని అడిగాడు కూడా. నేను నీకు తెలియదులే అంటే నమ్మాడు. మీరు ఆ వంతెనను క్షేమంగా దాటినప్పుడు, దాన్ని కట్టించినవాళ్ళ పేర్లు శిలాఫలకం మీద ఎలాగూ ఉంటాయి. పాతికేళ్ళు దాని కింద వేలాడుతూ దాని మోత విన్న ఆ మేస్త్రీని మాత్రం దయచేసి మీరు గుర్తుపెట్టుకోండి.